కుడివైపు గడి

నీలం అట్ట నోటుపుస్తకం. మధ్యలో నిలువుగీత.
ఎడమవైపు నావి. కుడివైపు ఒడ్వార్‌వి.
ముప్పై ఒక్క శీతకాలాలు ఇలాగే గీశాను,
స్కేలు కూడా అదే, ఒక మూల ఎప్పుడో విరిగింది.

లోఫోటెన్ దీవుల్లో జనవరి అంటే
మధ్యాహ్నం రెండు దాటితే చీకటే.
కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఉత్తరం నుంచి దిగివస్తాయి,
పడవలన్నీ వాటి వెంటే.
అతని షెడ్డుకీ నా షెడ్డుకీ నడుమ ముప్పై అడుగుల మంచు.
నేను దీపం వెలిగించి, కాఫీ పోసుకుని,
కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కునేదాన్ని.
అతను రేవు మెట్లెక్కి వచ్చేవాడు
తెల్ల డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకుంటూ.
తొమ్మిది. పదకొండు. ఒకసారి పంతొమ్మిది.
ఆ రాత్రి ఉడికిన బంగాళాదుంపలు నా గొంతు దిగలేదు.

నావి ఏడు.
ఏడంటే తక్కువేం కాదు,
కొయ్య దండేల మీద వేలాడదీస్తే
వసంతం దాకా గాలికి గలగల్లాడతాయి.
కానీ పక్కన పంతొమ్మిది రాసి చూస్తే
ఏడు కంపు కొడుతుంది.

పొరుగింటి పుల్లకూర రుచి.
నాకు పొరుగువాడి గాలం పదును, పొరుగువాడి ఇంజను మెత్తన,
చివరికి పొరుగువాడి దగ్గు కూడా
నా దగ్గు కన్నా ఆరోగ్యంగా వినిపించేది.
అతన్ని చూసి పెద్ద పడవకి అప్పు చేశాను.
పులిని చూసి నక్క పెట్టుకున్న వాత
పదకొండేళ్ళు నెలనెలా వాయిదాల్లో మండింది.

చేప నాలుకలు కోసి పిల్లలు జేబుడబ్బు సంపాదించుకునే వయసులో
నా కూతురు తూరున్
ఒకరోజు నిండు బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది,
వేళ్ళు ఎర్రగా వాచి.
నేనన్న మొదటి మాట:
"ఒడ్వార్ కొడుకు ఎన్ని కోశాడు?"

ఇది మాత్రం ఏ గడిలోనూ రాయలేదు.

పోయిన ఫిబ్రవరిలో ఒడ్వార్‌కి నడుం పట్టేసింది.
రేవులో వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.
"గున్‌వోర్, ఈ డబ్బాలు కాస్త పైకి..."
అన్నాడు, నేలతో మాట్లాడుతున్నట్టు.
మొదటిదాన్ని బలమంతా కూడదీసుకుని ఎత్తాను.
వెల్లకిలా పడబోయాను,
అంత తేలిక.

లోపల తెగిన వలలు. పగిలిన బెండ్లు.
పిల్లవాడి ఎడమకాలి బూటు, ఆకుపచ్చది.
రెండోదాంట్లోనూ అదే సరుకు.
మూడోదాంట్లో చేపలు. నాలుగోది మళ్ళీ చెత్త.

"ఒడ్డున పడ్డవి ఏరుకొస్తుంటాను," అన్నాడు,
"మార్గిట్ పోయినప్పట్నించీ.
వట్టి చేతులతో ఇంటికి రాబుద్ధి కాదు."

పంతొమ్మిది!

అతన్ని గోడకి జేరవేసి కూర్చోబెట్టి
నోటుపుస్తకం సంగతి చెప్పేశాను.
నవ్వాడు, నడుం పట్టుకుని, అబ్బా అబ్బా అంటూ.
"లెక్కపెడుతున్నావని తెలిస్తే
నాలుగు డబ్బాలు ఎక్కువే మోసేవాణ్ణి కదా."
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారింది.
"మంచు కురిసే సాయంత్రాలు
రాయేదో రేవేదో తెలిసేది కాదు.
నీ కిటికీలో దీపం చూసే నేను ఒడ్డు పోల్చుకునేవాణ్ణి."

నేను పోల్చుకుంటూ కూర్చున్న దీపం.

బాగైపోయానని చెప్పను.
నిన్న కూడా మెట్ల మీద అడుగుల చప్పుడుకి
నాలుగు దాకా లెక్కపెట్టి నాలుక కరుచుకున్నాను.
కుర్చీని పొయ్యి వైపు తిప్పాను.
దీపాన్ని కదపలేదు.

కుడివైపు గడిలో ఇప్పుడు అంకెలు లేవు.
"ఈశాన్యం గాలి. ఒడ్వార్ వంగి లేసు కట్టుకున్నాడు.
తూరున్ ఫోన్ చేసింది, నలభై నిమిషాలు.
ఆ రోజు నువ్వెన్ని కోశావని అడిగాను.
గుర్తులేదంది. అబద్ధం."

ఎడమవైపు: ఏడు.
లావు చేపలు.