రెండు మామునూర్లు

ముజీబ్ దుకాణంల రెండు ఆకాశాలున్నయి.
హన్మకొండ చౌరస్తా కాడ, మెట్ల కింద,
ప్రింటర్ల ఇంకు వాసన నడుమ
రెండు తెరలు పక్కపక్కన పెట్టి
"తీరుబాటుగ చూసుకో అన్నా,
దేనికి పైసలు కడ్తవో కట్టు" అన్నడు.

మొదటిదాంట్ల వరంగల్
స్టూడియోల ఫోటో దిగనీకి తయారై కూసున్నట్టున్నది.
వడ్డేపల్లి చెరువుల మబ్బు కదులుతున్నది.
కాజీపేట పట్టాలు పొద్దుటెండకు మెరుస్తున్నయి.
ఎనుమాముల యార్డుల ఆరబోసిన మిర్చి
రెండువేల అడుగుల మీదికెల్లి సుత ఎర్రగ కనవడ్డది.
మామునూరు రన్‌వే పొడుగూత దీపాలు!
ఎన్నడు వెలిగినయి ఆ దీపాలు?
నేనెరిగిన మామునూరుల
పగుళ్ల నిండ పల్లేరుకాయలు.
బర్రెలను అదిలిచ్చుకుంట ఒక ఎన్సీసీ పోరడు
ఆ కొసదాక ఉరికినంకనే
వించి తాడు బిగుసుకునేది, గ్లైడర్ లేచేది.
ఆ పోరణ్ణి నేనే.

రెండోదాంట్ల ఊరే లేదు.
పచ్చది కొంత, మట్టిరంగుది కొంత, అతుకుల బొంత.
ఖిలా లేదు. గుట్టల్లేవు. ఇండ్లన్ని అగ్గిపెట్టెలు.
మామునూరంటే బూడిదరంగు గీత, గంతే.
"దీనికి గిరాకి లేదన్నా" అని నవ్విండు ముజీబ్.

నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే:
ముక్కు లేపి, ఇంజన్ తగ్గిచ్చి,
ఏం జరుగుతదో సూసుడు.

మొదటిది
అద్దం మీద నూనెచుక్క జారినట్టు దిగింది.
ఏమనలేదు నన్ను.

రెండోదాంట్ల ముందు చేతిల పుల్ల మెత్తవడ్డది,
బేరింగులు పోయిన సైకిల్ హ్యాండిల్ తీరు.
అటెన్క తెర వణికింది.
ఎడమ రెక్క చెప్పక చెయ్యక కూలింది
నా కుడికాలు నా కన్న ముందే
పెడల్ నొక్కింది.
దుకాణంల పెడళ్లు లెవ్వు.
నొక్కింది సిమెంటు నేలను.

కళ్లు అబద్ధమాడ్తయిరా, పిర్రలు ఆడయి
అనేటోడు కురియన్ సారు.
ముజీబ్ ప్లాస్టిక్ కుర్చీల నా పిర్రలకు ఏం తెల్వదు,
కాలికి యాదికున్నది.

నలభైకి ఒక ఏడు తక్కువుండంగ లైసెన్సు తెచ్చుకున్న,
లోకోషెడ్ల ఓటీలు చేసి చేసి.
లాగ్‌బుక్కుల ఎనభై ఆరు గంటలు.
ఒక్క గంట ఎగిరితే రెండు నెల్ల చిట్టి పైసలు ఎగిరినట్టే,
అందుకే ఇప్పుడు ఆకాశాన్ని
బీరువా పక్క టేబుల్ మీదికి తెచ్చుకునుడు.

ఆదివారం స్వరూప వచ్చింది దుకాణానికి.
"పర్వతగిరి దిక్కు పోనియ్యి, మా బడి సూపెట్టు" అన్నది.
మొదటిదాంట్ల వాళ్ల రేకుల బడి జాగల
నాలుగంతస్తుల అద్దాల బంగ్లా.
కంప్యూటర్ అంచనాకు అట్ల తోచిందట.
"మంచిదే, సర్కారుకు చాతగానిది ఇది కట్టింది"
అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.
రెండోదాంట్ల అదే జాగల ఖాళీ.
తప్పు సూపెట్టుడు కన్న
ఏం సూపెట్టకపోవుడు నయం కాదా అన్న.
ఆమె చాలాసేపు చెరువునే సూసింది.
"నేనైతే మొదటిదే కొంట.
నిజం పొద్దంత సూస్తనే ఉన్నం గద."

జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.
రెండోదే కొన్న.
పెడళ్లు పాతయి, కరీంనగర్ల ఒకాయన అమ్మినయి,
ఒకదానికి స్ప్రింగు నేనే షెడ్డుల వంచి పెట్టిన.

నిన్న రాత్రి ఎడమదిక్కు గాలి పెట్టుకొని దిగుతున్న.
ఎడమ రెక్క కొంచెం వంచి, కుడికాలు నొక్కి పట్టి,
బూడిద గీత దగ్గరికొస్తున్నది
మున్నూరు అడుగులు, రెండొందలు,
కరెంటు పోయింది.

చీకట్ల కుర్చీల అట్లనే కూసున్న.
లోపలికెల్లి స్వరూప అడిగింది
"దిగినవా?"

"ఇంక లేదు" అన్న.
కుడికాలు నొక్కే ఉన్నది.