ఆరేదాకా

నేను రంగు చల్లేదాన్ని.
పోర్ట్ టాల్బట్‌లో శుక్రవారమొస్తే
నాకు ఊపిరి సలపదు.
పెళ్ళిళ్ళు, నలభయ్యో పుట్టినరోజులు, విడాకులైన సంబరాలు.
వానే తప్ప ఎండెరగని వీధులకి
సీసాలో ఎండ పోసుకుని వెళ్తాను.
కారు వెనక మడత గుడారం, మరకల తువాళ్ళు,
దగ్గే ముసలాడిలాంటి ఓ కంప్రెసర్.

ఇవాళ ఎలెరి వంటగది.
రేపు పదకొండింటికి చెల్లెలి పెళ్ళి.
పక్కగదిలో పదకొండు వారాల మాక్సెన్
ఇప్పుడే కడుపునిండా తాగి పడుకున్నాడు.
గుడారంలో నిలబడి, గౌను ముడి విప్పకుండానే అడిగింది:
"గ్లెనిస్, ఇది పాలల్లోకి దిగుతుందా?"

ఇరవై రెండేళ్ళ పని నాది.
నారింజపండునైపోతానా అని అడిగారు,
పక్కమీది దుప్పటి పాడవుతుందా అని అడిగారు.
ఇది అడిగినవాళ్ళు వేళ్ళమీద లెక్క.

డాక్టర్ని కాను తల్లీ, అన్నాను.
నర్సుని అడిగావా?
అడిగిందట. ఆమె చెప్పిందీ నేను విన్నదీ ఒకటే:
రంగు పట్టేది పైపొరకే, రాలిపోబోయే చర్మానికే.
లోపలికి ఇంకేది బహు కొంచెం అంటారు.
పాలిచ్చే తల్లుల్ని కూర్చోబెట్టి
పనిగట్టుకుని పరీక్షించిందైతే నేనెరిగి లేదు.
"అంటారు" అన్న మాటని
చెల్లని నాణెంలా అటూ ఇటూ తిప్పి చూసింది ఎలెరి.

పాలకంటే నోటికి భయపడాలి, అన్నాను.
వాడు నాకేది పాలొక్కటే కాదు కదా.
గుండ్రంగా కత్తిరించిన అంటుముక్కలు రెండు
చనుమొనలు దాటి, వలయం దాటి,
ఇంకో వేలెడు మేర.
పెదాలకి వాజలైన్. ముక్కులో దూది.
నేను "ఊఁ" అన్నప్పుడల్లా ఊపిరి బిగబట్టు.
ఆ మంచు ఒంటిమీద పడొచ్చుగానీ
ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.
కిటికీ తీశాను.
అక్టోబరు చెప్పకుండా లోపలికొచ్చింది.

వీపయింది. కాళ్ళయ్యాయి.
పొట్టమీద, ఆ వెండి చారలమీద,
చెయ్యి కాస్త నెమ్మదించింది నాకు.
అప్పుడేడ్చాడు.

చెవి వినేలోగానే రొమ్ము విన్నది.
ఒక్కసారిగా చేపుకొచ్చింది.
అంటుముక్కల అంచులు లేచాయి.
పచ్చిరంగు మీదుగా
రెండు తెల్లని ధారలు
బొడ్డుదాకా దారి తవ్వుకుంటూ దిగాయి.

చేతులు రెండూ పక్షిరెక్కల్లా గాల్లో పెట్టి
తనని తాను ముట్టుకోలేక, వాణ్ణి ఎత్తుకోలేక
నవ్విందో ఏడ్చిందో.
"గెథిన్! ఫ్రిజ్‌లో సీసా!"
పొద్దున పిండి దాచిన పాలు.
రబ్బరు పీకని వాడు మూడుసార్లు ఉమ్మేశాడు.
నాలుగోసారి రాజీపడ్డాడు.

ఆరేదాకా మూడు గంటలు.
ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళు, సబ్బు,
నీళ్ళు తేటబడేదాకా కడుక్కో.
అప్పుడు పట్టు వాడికి.
వదులుచొక్కా వేసుకో, వాడి బుగ్గ నీకంటకుండా.

గుడారం మడుస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది.
మా నాన్న ఉక్కుమిల్లు.
ఆ రోజుల్లో మా పెరటి తీగమీద
ఆరేసిన తెల్లబట్టలు
సాయంత్రానికి ఇటికరంగయ్యేవి.
మా తమ్ముడికి పాలిచ్చేముందు
తడిగుడ్డతో రొమ్ము తుడుచుకునేదమ్మ.
దులుపుకుని తాగించడమే, ఏముంది, అనేది.
ఇది పాలల్లోకి దిగుతుందా అని
ఎవర్నడగాలో ఆమెకి తెలియదు.
అడిగితే మిల్లు జవాబిచ్చేదా?
ఇప్పుడా కొలిమి ఆరిపోయింది.
తీగమీద బట్టలు తెల్లగానే ఉంటున్నాయి,
జీతాలే లేవు.

ఎలెరి అడిగింది. అడిగినందుకు
ఐదు పౌండ్లు తగ్గించాను. ఎందుకో చెప్పలేదు.

ఆ ధారలమీద మళ్ళీ చల్లి సరిచేస్తానన్నాను.
వద్దంది. గౌను కిందేగా,
ఎవరు చూస్తారు.

రాత్రి ఏడింటికి ఫోన్లో మెసేజ్:
"కడిగాను. రెండుసార్లు. తాగాడు."
కింద ఫోటో.
నిద్రలో నోరు తెరిచిన మాక్సెన్,
ఎడమచెవి మీద
అగ్గిపుల్ల తలంత
గోధుమరంగు చుక్క.

"మెడ కడుక్కోలేదు కదూ" అని పంపాను.