పెయింటు డబ్బాలో లపాచో

రంగు మాత్రం అడక్కండి.
ఈ గింజకి రెక్కలుంటాయి,
గాలికొట్టుకొచ్చి నా పెరట్లో మొలిచినవే ఇవన్నీ.
తల్లి చెట్టు ఏ వీధిదో నాకూ తెలీదు.
అసున్సియోన్ నర్సరీలో అయితే
గులాబీ అని చీటీ కట్టి ఇస్తారు.
పసుపు పూస్తే అప్పుడు ఆ చీటీని తిట్టుకుంటారు.

కారుకి నీడ కావాలా?
అయితే మామిడి పెట్టుకోండి.
ఇది పూసే నెలలో ఒంటి మీద ఆకు ఉంచుకోదు.
పువ్వులన్నీ మీ అద్దం మీదే రాలతాయి,
వైపర్ వేశారా, ఇక ముద్ద ముద్ద.

అయినా కావాలా. సరే, కూర్చోండి.
ఈ లేసు వరస పూర్తి చేస్తూ చెప్తాను.

మోకాలి లోతు గొయ్యి.
గుప్పెడు పశువుల ఎరువు.
రెండో గుప్పెడు వేయకండి,
కడుపు నిండిన చెట్టుకి పూత గుర్తుండదు.
దక్షిణపు గాలి వీచే రాత్రి గోనె కప్పండి,
తెల్లారగానే తీసేయండి.
ఊతకర్ర రెండేళ్లే.
ఊగనివ్వని కాండం లావెక్కదు,
మా పెద్దాడి విషయంలో ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

మే దాటాక నీళ్లు తగ్గించండి.
జాలి వేస్తుంది.
ఆ జాలేదో పుదీనా కుండీలో పోయండి.

జులైలో ఎండుపుల్లలా నిలబడుతుంది.
సరిగ్గా అప్పుడే జనం నా మీదికొస్తారు.
సిన్ఫోరియానో అని, టైర్ల కొట్టాయన,
వేళ్లతో సహా పీకి తెచ్చి
ఈ బల్ల మీద పడేశాడు,
చచ్చిన మొక్కని అంటగట్టావని.
గోటితో బెరడు గీరి చూపించాను:
కింద పచ్చగా, తడిగా,
పొద్దున్నే నాలుక చాపిన పిల్లాడి నోరులా.
ఆయన నా గోటినే చూశాడు గానీ గీత చూడలేదు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే దాన్ని
బస్టాపు వెనక, ఎవరిదీ కాని జాగాలో నాటాను.
నాలుగేళ్లు ఏమీ లేదు.
ఐదో ఏడు ఒక కొమ్మ, అదీ బస్సు అద్దం తగిలి విరిగింది.
ఇప్పుడు ఆగస్టులో చూడండి,
టికెట్ చింపుతూ చింపుతూ డ్రైవర్ ఆగిపోతాడు.
సిన్ఫోరియానో రోజూ దాని కిందే బస్సెక్కుతాడు.
మొన్న టోపీ దులుపుకుంటూ అడిగాడు,
"బెనిగ్నా, ఇలాంటిది నీ దగ్గరుందా?
ఆ చచ్చే రకం కాదు, ఇది."

ఉందన్నాను.
ధర మాత్రం రెండింతలు చెప్పాను.
బేరం కూడా ఆడలేదు పాపం.

మీకు మామూలు ధరే.
ఎప్పుడు పూస్తుందంటారా?
మీ ఇంటి కుక్క ముసలిదయ్యేసరికి.
చచ్చిందనిపిస్తే, పీకే ముందు
ఒక్కసారి గోరు వాడండి.

ఇంకోటి.
నాటాక ఆ పెయింటు డబ్బా పారేయకండి,
ఈ దారిన వచ్చినప్పుడు తెచ్చిచ్చేయండి.
డబ్బాలు దొరకడం లేదు.