నాలుగో మీట

తంపెరేలో, హెర్వాంతా పాతసామాన్ల సంతలో కొన్నాను దీన్ని,
నలభై యూరోలకి, రిమోట్ లేకుండా.
అమ్మినామె తలెత్తలేదు.
"మంచిదే. మా ఇంట్లో ఇక వినేవాళ్లు లేరు" అంది.
తొమ్మిది కిలోలు. రోజూ నేను నడిపే ట్రాములోనే
ఆ పూట టికెట్ కొని కూర్చుని
ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి.
రాగి పోచలు వేళ్లకి గుచ్చుకున్నాయి.
గుండ్రటి మీట తిప్పి తిప్పి
వైఫై పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే ఎక్కించేసరికి
కాఫీ చల్లారింది.
అప్పుడు నా ఫోన్లో, వంటగది స్పీకరు కింద
కొత్త పేరొకటి మొలిచింది:
తార్మో గది.

తార్మో ఎవరని ఎవర్ని అడగను?
ఇక వినేవాళ్లు లేరు అన్న మాట చాలదూ
ఒక మనిషిని పాతిపెట్టడానికి.

మేనకోడలు విల్యా నవ్వింది.
"రెండు మీటలు కలిపి పది సెకన్లు నొక్కు మామయ్యా,
అన్నీ చెరిగిపోతాయి."
ఆరు దాకా లెక్కపెట్టి వదిలేశాను.

ఒకటో మీటలో ఎక్కడిదో చర్చి బృందగానం.
రెండులో టాంగో, రోజంతా టాంగో,
వానపడే ఊళ్ల ఏడుపంతా అకార్డియన్‌లో దూరినట్టు.
మూడులో పడవలవాళ్లకి గాలి, అల, పొగమంచు
చదివి వినిపించే గొంతు.
నాకు పడవ లేదు. అయినా వింటాను.
నాలుగు మాత్రం
కలుస్తోంది... కలుస్తోంది...
అని నీలి అక్షరాల్లో నసిగి ఊరుకునేది.

చలికాలమంతా తార్మోకి మర్యాద చేశాను.
బేస్ అతను పెట్టినచోటే ఉంచాను, నాకు ఎక్కువే అయినా.
తెల్లవారుజాము షిఫ్టుకి లేచినప్పుడల్లా
నాలుగు నొక్కి, బూట్లు తొడుక్కునేవాణ్ణి.
అలవాటే. ప్రార్థనేం కాదు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి కలిసింది.

ఏమీ లేదనుకుని వాల్యూమ్ పెంచాను.
చూరు కింద గాలి.
దాని వెనకాల, బాగా దూరంగా,
సరస్సు మీద మంచుపలక పగులుతున్న చప్పుడు.
టపాకాయలా కాదు, ఎవరో పెద్ద గుడ్డని
నిదానంగా చించుతున్నట్టు.
ఆ పగులు ఎడమ స్పీకర్లో మొదలై
నా సోఫా కిందుగా కుడివైపుకి పోయింది.
సిగ్గులేకుండా కాళ్లు పైకి ముడుచుకున్నాను.

చెక్కమెట్లు కిర్రుమన్నాయి. దగ్గు.
మైకుని గోటితో కొట్టిన శబ్దం, నా చెవి పక్కనే.
"ఒకటి. రెండు.
వస్తోందా? ఎవడికి వస్తుందిలే.
నలభైకి అమ్మేసిందట. నలభైకి!"
అని గొణిగి, ముక్కు చీది, తలుపేసుకున్నాడు
నేను ఇన్నాళ్లూ పోయాడనుకున్న మనిషి.

"వస్తోంది" అన్నాను పైకే,
స్పీకర్లకి చెవులుండవని తెలిసే.

కాసేపు మంచు విన్నాను.
ఆ తర్వాత లేచి వెళ్లి
బేస్ రెండు గీతలు తగ్గించాను.