దుప్పటికి రెండో కొస

హోటళ్ళ దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి,
కాస్టెల్యోన్ రేవు వెనక వీధిలో, రేకుల కప్పు కిందికి.
వాటిమీద ఎవరు ఎవరితో పడుకున్నారో మాకనవసరం.
మరక పోయిందా లేదా, అంతే.

వెటూరియా వచ్చిన మొదటి రోజు
మా మేస్త్రి రెమెయ్, ఆ గడ్డ మీదే పుట్టినావిడ,
కోపమొస్తే వలెన్సియా భాష, రాకపోయినా అదే భాష,
ఆరిన బట్టల గుట్ట చూపించి
"ప్లేగా!" అంది.
మడతపెట్టు, అని.

వెటూరియా చెయ్యి ఆగిపోయింది.
ఏప్రన్ ముడి విప్పి మేకుకి తగిలించింది.
రెండున్నర రోజులు బస్సులో కూర్చుని వచ్చిన మనిషి
రెండు నిమిషాల్లో గేటు దాటేసింది.

వాళ్ళ రుమేనియాలో ఆ చప్పుడుకి అర్థం
ఫో, అని.

నాకేం తెలుసు?
చేతిలో ఉన్న దుప్పటితోనే పరిగెత్తాను.
బస్టాపులో దొరికింది. ఏడవడం లేదు,
చిల్లర లెక్కపెట్టుకుంటోంది.
ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకి రాదు.
దుప్పటి కొసలు రెండు తన చేతుల్లో పెట్టి
వెనక్కి నడిచాను, బట్ట బిగిసేదాకా.
మళ్ళీ ముందుకి నడిచాను
నా వేళ్ళు తన వేళ్ళకి తగిలేదాకా.
"ప్లేగా," అన్నాను మెల్లిగా.
బస్సు వచ్చింది. డ్రైవరు మమ్మల్ని కాసేపు చూసి
తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఈ మడతపేచీ తీర్చినవాడు ఎలిసేయో.
మా వ్యాను నడుపుతాడు. కుర్రతనంలో ఫాదిరీ అవుదామని
నాలుగేళ్ళు లాటిను చదివి, పెళ్ళి చేసుకున్నాడు.
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రాశాడు:
ప్లికారే.
మడవడం. అందులో ఇంకేమీ లేదన్నాడు, మొదట్లో.
రేవు కనబడగానే పడవవాడు తెరచాప చుట్టాడు,
చేరాడు.
తెల్లారగానే సిపాయి గుడారం మడిచి చాప చుట్టాడు,
వెళ్ళాడు.
అలా నా నోట్లో అది 'యెగార్', చేరుకోవడం.
వెటూరియా నోట్లో 'ప్లెక్', వెళ్తున్నాను.
రెమెయ్ వాళ్ళు ఎటూ కదల్లేదు కనక
ఇంకా బట్టలే మడుస్తున్నారు,
సాయంత్రం పని చాలించడాన్నీ ఆ మాటతోనే అంటున్నారు.
"అని పెద్దలంటారు," అన్నాడు, "నేను చూడొచ్చానా?"
"ఆ పడవలవాళ్ళ దుప్పట్లు ఎవరుతికారో
రాశారా మీ పెద్దలు?" అంది రెమెయ్.
అక్షరాలు అప్పటికే నీళ్ళై కారుతున్నాయి.

పదకొండేళ్ళు.
రోజుకి నాలుగొందల దుప్పట్లు, నాలుగొందల సార్లు
ఎదురెదురుగా నడిచాం.
దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్క ముక్క చెప్పేది,
కొస అందుకుని వెనక్కి తిరిగేది.
ఒక కథ పూర్తవడానికి ముప్పై దుప్పట్లు పట్టేవి.
వాళ్ళాయన చావు మాత్రం
రెండు దుప్పట్లలో చెప్పేసింది.

ఆ తరవాత ఇటలీ నుంచి యంత్రం వచ్చింది.
పొట్ట మీద 'పియెగత్రీచే' అని రాసుంది.
వెటూరియా వేలితో అక్షరాలు తడిమి
"ఇదీ మన చుట్టమే," అంది.
చుట్టం వస్తే ఇద్దరికి పని పోయింది.
ఆ ఇద్దరిలో నేను లేను.

వెళ్ళేరోజు 'ప్లెక్' అనలేదు.
ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు వేసి, రెమెయ్ బల్ల మీద పెట్టింది.
"ప్లేగా?" అంది రెమెయ్.
ఏ అర్థంతో అడిగిందో ఆవిడకే తెలియాలి.
వెటూరియా తలూపింది.

ఇంట్లో పెద్ద దుప్పటి నేనొక్కదాన్నే మడుచుకుంటాను.
నడిమి అంచు గడ్డం కింద నొక్కిపట్టి
చేతులు బారజాపి.
ప్రతిసారీ ఒక కొస జారి
నేలకి తగులుతుంది.
మళ్ళీ ఉతకాలి.