కొలనూలు

పెరుంబాక్కం, ఎనభై మూడో బ్లాకు.
లిఫ్టు చెడిపోయి నాలుగో వారం.
చెప్పులు చేతబట్టుకుని ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కితే
ఒక గది, ఒక చాప, ఒక డప్పు, పదకొండుమందిమి.
అదే మా సంఘం.

తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు,
అదీ కూడబలుక్కుని.
మా బడి అరవం. మా తిట్లు అరవం.
ప్రార్థన మాత్రం నెల్లూరు యాస,
ముత్తాత చీపురుతో పాటు మోసుకొచ్చింది.

ఆ ఆదివారం జక్రయ్యగారు నది గురించి చెప్పారు.
గుడి గడప కింద సన్నగా ఊరిన నీళ్ళట.
కొలనూలు పట్టుకున్న మనిషొకడు ముందు నడిచాడట.
వెయ్యి మూరలకి చీలమండ,
ఇంకో వెయ్యికి మోకాలు,
ఇంకో వెయ్యికి మొల,
ఆపైన ఈదాల్సిందే.
అది పోయి కలిస్తే చచ్చిన సముద్రం కూడా
తియ్యనవుతుందట.
గట్టు పొడుగునా వలలు ఆరేస్తారట,
నెలనెలా కాసే చెట్లట, ఆకు కూడా మందేనట.

"ఆమెన్" అన్నాం అందరం.
దీవెనత్త అనలేదు.

దీవెనత్తకి నది అంటే కూవం.
చింతాద్రిపేట వంతెన కింద
నలభై రెండేళ్ళు దాని పక్కనే పడుకుంది.
పెళ్ళివంట ఆ గట్టునే, రెండు పురుళ్ళూ ఆ గట్టునే.
నగరం కడుక్కున్నదంతా దాంట్లోకి వదిలేది,
అత్త చీకటితో లేచి ఆ నగరాన్నే ఊడ్చొచ్చేది.
ఆ డిసెంబరు రాత్రి కొలత అత్తకి నోటికొచ్చు:
పదింటికి చీలమండ.
పదకొండుకి మోకాలు.
పన్నెండుకి మొల.
ఆపైన, రేషన్ కార్డు నెత్తిన పెట్టుకున్న మామ
ఈదలేదు.

నీళ్ళు తీశాక ఒక మనిషొచ్చాడు,
చేతిలో నిజంగానే కొలనూలు.
పసుపుపచ్చ టేపు, లాగితే పాములా బుస.
గుడిసె పొడుగు కొలిచాడు, వెడల్పు కొలిచాడు,
తలుపు మీద సుద్దతో అంకె వేసి
లారీ ఎక్కమన్నాడు.
ఎంత దూరమో మాత్రం కొలిచి చెప్పలేదు.

"అయ్యగారూ, ఆ కిందది చదవలేదే?"
అంది అత్త. "నువ్వు చదువు పాపా."
వేలు పెట్టి వెతికాను.
ఉంది. ఒకే ఒక్క వచనం,
ఎవరూ ఆమెన్ అనని వచనం.
నది అన్నిటినీ బాగుచేస్తుంది గానీ
చిత్తడి నేలల్ని కాదు.
అవి ఉప్పుకే.

మా కిటికీలోంచి పళ్ళికరణై కనబడుతుంది.
రెల్లు, కొంగలు, అవతల చెత్తకొండ పొగ.
ఆ బురదనే కొంత పూడ్చి
మమ్మల్ని నిలువునా పేర్చారు.
జక్రయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడిచారు.
మళ్ళీ తుడిచారు.

"మన అడ్రసు రాసుండాదే!"
అత్త నవ్విందో ఏమో, గొంతు మాత్రం గరగరలాడింది.
"ఉప్పుకి వదిలేస్తే వదిలేసినట్టేనా అయ్యగారూ?
ఉప్పు లేని గంజి తాగినోళ్ళని అడగండి.
ఆ గట్టున అన్నేసి చేపలు పడతాయి గదా,
ఎండబెట్టుకునేదానికి ఉప్పు యాడిది వాళ్ళకి?
మన కాడికే రావాల.
ఎనిమిది అంతస్తులూ ఎక్కి రావాల."

ఎవరో దగ్గారు. కానుక సంచి తిరిగింది.
డప్పు ఆ పూట తాళం తప్పింది.

సాయంత్రం మెట్లు దిగుతుంటే
మూడో అంతస్తు ఎఫ్రాయీము ఎదురొచ్చాడు.
భుజాన చిరిగిన దోమతెర.
బకెట్లో ఒక్క జిలేబీ చేప, బతికే ఉంది.
"యాడ పట్టినావురా?"
"అక్కడే అవ్వా, పైపు పక్కన."
అత్త వాసన చూసింది. ముఖం చిట్లించింది.
జానతో కొలిచింది. జానెడు లేదు.
"తినేదానికి పనికిరాదు. ఇంకా కాలేదు. వదిలెయ్ పో."

వాడు కదల్లేదు.
అత్త వంగి వాడి కాలు పట్టుకుంది.
తడి ఎక్కడ ఆగిందో అక్కడ
బురద తెల్లగా ఎండి గీత కట్టింది.
ఆ గీత మీద వేలు పెట్టి,
వాడితో కాదు, నాతో కాదు,
"మోకాలి దాకా వచ్చేసుండాయి," అంది.