మట్టినే సూడు

పద్దెనిమిదేళ్లు విశాఖపట్నంలో
గోల్ఫ్ ఆడే సార్ల సంచులు మోశాను.
"సార్, కర్ర ముఖం తెరుచుకుంటోంది.
సార్, మణికట్టు ఆలస్యమవుతోంది."
అలా ఎంతమంది బంతుల్ని దారిలో పెట్టానో.

ఇప్పుడు నెల్లిమర్లలో, గోగు కోసేసిన చేలో,
బదిలీ అయి వెళ్తూ ఒక నేవీ ఆయన ఇచ్చిన
ఏడో నెంబరు ఇనుముతో నిలబడితే
నా బంతి మాత్రం
జూట్ మిల్లు గొట్టం వైపు బయల్దేరి
సగం దారిలో ఏదో గుర్తొచ్చినట్టు
కుడికి తిరిగి చంపావతి ఇసకలో పడుతుంది.

ఉన్నవి మూడే బంతులు. ఒకటి పసుపుది.
పుచ్చపాదులకి కాపలా ఉండే గుంటడు
ఏరుకొచ్చి ఇస్తూ రోజూ ఒకటే మాట:
"మావా, రేపు నాను గొట్టం కాడుండీదా,
ఏటికాడే ఉండిపోనా?"

కాళ్లు మార్చాను. పట్టు మార్చాను.
గాలిని తిట్టాను.
ఒక నెల చెప్పుల్లేకుండా కొట్టాను.
చివరికి ఇనుముని గోనెలో చుట్టి
పైడాచారి కొలిమికి పట్టుకెళ్లాను.

ఆయన ఆట పేరు అడగలేదు.
తలకిందులు చేసి, గోరుతో అడుగు తడిమాడు.
"మొన అరిగిపోనాది. మడమ కొత్తగుంది.
ఇది నేల మీద సరిగ్గా కూకోడం లేదు, దాలినాయుడూ."
అన్నేళ్లలో ఏ సారుకీ నేను చెప్పలేకపోయిన మాట.

సుత్తితో చిన్నగా తట్టి, చెవి పెట్టి విన్నాడు.
"సాగగొట్టిందే. పోత ఇనుమైతే ముట్టను,
ఇరిగిపోతాది."
చెక్క మీద మసి పూసి
దాన్ని రాసుకుంటూ ఊపమన్నాడు.
మొన దగ్గర చింతగింజంత మరక.
నిప్పు రాజెయ్యలేదు.
మెడని వైసులో బిగించి, గొట్టం తొడిగి
ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు.
బియ్యపు గింజంత వంపు.
మళ్లీ మసి, మళ్లీ ఊపు, మళ్లీ ఒక గింజ.
మరక నడుముకి వచ్చింది.

"ఎంతియ్యాలి?"
"ఎలగెల్తాదో సూసి ఇద్దువులే. నానూ వస్తాను."

చేలో మొదటి దెబ్బ.
నలభై గజాలు పక్కకి పోయేది
పదిహేనుకి తగ్గింది. కానీ కుడికే.
చారి బీడీ ముట్టించాడు.
"నాగలి పక్కకి లాగితే
ముందు కర్రు సూస్తాం. తర్వాత ఎడ్లని.
ఆకర్న దున్నీవోడిని.
కర్రు పని అయిపోనాది. నీకు ఎడ్లా లేవు."

ఇంకోటి కొట్టమన్నాడు.
బంతిని కాదు, నన్ను చూశాడు.
"దెబ్బ పడకముందే తలెత్తేస్తన్నావు.
ఏటి సూస్తన్నావు?"

ఏం చెప్పను?
పద్దెనిమిదేళ్లు నా పనే అది.
దెబ్బ ఎవరిదైనా
బంతి ఎటు పోయిందో చూడటం,
ఏ పొదలో దూరిందో, ఏ సరుగుడు మొదట్లో ఆగిందో
గుర్తు పెట్టుకోవడం.
చప్పుడు కంటే ముందే మెడ లేచేది.
ఆ చూపుకే జీతం.
బంతి దొరక్కపోతే ఆ పూట టీ డబ్బులు పోయేవి.
ఎగిరిపోయేదాన్ని వదిలేసి
ఖాళీ నేలని చూస్తూ ఉండమని
సంచి మోసేవాడికి ఎవరు నేర్పుతారు?

"నాను సూస్తాను" అన్నాడు చారి,
కొలిమి వెలుగుకి ఎర్రబడిపోయిన కళ్ల మీద
చెయ్యి అడ్డం పెట్టుకుని.
"నువ్వు మట్టినే సూడు.
ఎక్కడ పడ్డాదో నాను సెప్తాను."

నా బంతిని చూడటానికి ఒక మనిషి.

పసుపుది పెట్టాను.
కొట్టాను.
బంతి ఉన్న చోట నలిగిన గడ్డిపరక,
గోరంత గొయ్యి,
దాని అంచున దారి మార్చుకుంటూ ఒక చీమ.
ఆ చోటు ఇలా ఉంటుందని నాకు తెలీదు.

"ఏటయింది?"
చారి పలకలేదు. నడిచాడు.
ఏటి వైపు నుంచి గుంటడి కేక రాలేదు.
కుడికి పోతే ఇసక, అడుగులు వినబడవు.
తల దించుకునే విన్నాను.
గోగు మోళ్లు పటపటా విరుగుతున్నాయి
ఆయన కాళ్ల కింద,
దూరంగా,
ఇంకా దూరంగా.